నీరు పల్లమెరుగు

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అని మన పెద్దల సామెత. నిజము సంగతి యటుంచి, పల్లము సంగతి మాత్రము మానవుడు మిక్కిలి శ్రమపడి తెలిసికొనవలసి వచ్చినది. బల్లపరుపుగా కనుపించు నేల ఎటు వాలియున్నదో కన్ను చెప్పజాలదు; వాననీరు నిలిచిన పిమ్మటగాని తెలియదు. ఇల్లు కట్టుటకైనను, కాలువ త్రవ్వుటకైనను, మురుగు పోగొట్టుటకైనను మొదటి పని నేల యెత్తుపల్లములను కొలుచుటయే. ఈ పని యెంతటి మేలు చేయగలదో, దానిని సగములో విడిచినచో ఎంతటి కీడు కలుగునో తెలిసికొనుటకు గోదావరి డెల్టా చరిత్రను చూచిన చాలును.

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆ సీమ దుర్భరమైన స్థితిలో నుండెను. 1833 ప్రాంతమున ఘోరమైన కరవు. 1839లో కోరంగి తీరమున ఉప్పెన. నాటి రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1821లో 7,38,000 పైచిలుకు కాగా, ఇరువది యేండ్లలో 5,61,000లకు దిగజారెను. ప్రక్కనే మహానది పారుచుండ ప్రజలు తిండిలేక మరణించిరి. నీరు లేక కాదు, ఆ నీరు చేనికి చేరు దారి లేక.

1844లో ఆర్థర్ కాటన్ ఆ సీమను పరిశీలించి నివేదిక వ్రాసెను. 1846లో అనుమతి లభించెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమై 1852లో ముగిసెను. నది నడుమనున్న లంకలను ఆధారము చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిన ఆ ఆనకట్ట రాతికట్టడపు పొడవు సుమారు 11,900 అడుగులు. కూలిజనమును సమీకరించుటలో వీణెం వీరన్న చేసిన సాయమును గోదావరి జిల్లాల ప్రజలు నేటికిని తలచుకొందురు.

ఆనకట్టను అందరును ఎరుగుదురు. కాని ఆనకట్ట నీటిని ఎత్తి నిలుపునే గాని పొలమునకు చేర్చదు. చేర్చునది కాలువ, కాలువను నడపునది వాలు. డెల్టా నేల సముద్రము వైపు మైలుకు దాదాపు ఒక అడుగు మాత్రమే దిగును. ఇంత స్వల్పమైన వాలులో కొలత తప్పినచో నీరు నిలిచిపోవును, లేదా గట్టు తెగును.

ఇక్కడ ప్రకృతి రహస్య మొకటి కలదు. నది పొంగినప్పుడు బరువైన ఇసుకయు ఒండ్రును ఒడ్డు దగ్గరనే దిగబడును. తేలికైన మన్ను దూరముగా పోవును. ఏటేట ఇట్లు జరుగుటచే డెల్టాలో నది ప్రక్క నేల మెరకయై, దూరమునకు పోయినకొలది పల్లమగును. రెండు నదీపాయల నడుమ నున్న భూమి పళ్లెమువలె మధ్య లోతుగా నుండును. కావున సాగునీటి కాలువ మెరక వెంబడి పోవలెను. మురుగుకాలువ పల్లము వెంబడి పోవలెను. మొదటిది నీరు తెచ్చును, రెండవది మిగిలిన నీటిని సముద్రమునకు చేర్చును. డెల్టా నిర్మాణమునకంతకును ఇదియే మూలసూత్రము.

ఈ సూత్రమును మట్టిలో నిలిపినవారు పలుగు, పార, తట్ట పట్టిన శ్రామికులు. దక్షిణదేశమున చెరువులు, గట్లు, బావులు త్రవ్వుటలో తరతరముల నేర్పు గలవారు మన వడ్డెరలు. త్రవ్వినచోట నడుమ కొంత మన్నును తాకక నిలువుగా విడిచెడివారు. దాని యెత్తును బట్టి ఎంత లోతు త్రవ్వినారో కొలిచి కూలి లెక్క కట్టెడివారు. గట్టు వేయునపుడు మన్నును పలుచని వరుసలుగా పరచి, పెళ్లలు పగులగొట్టి, తడిపి, దిమ్మిసతో కొట్టెడివారు. ఒకేసారి కుమ్మరించిన మన్ను తొలివానకే క్రుంగునని వారికి అనుభవముచే తెలియును.

సాగునీటి కాలువలు ఆ సీమను అన్నపూర్ణగా మార్చినవి. కాని మురుగుకాలువలపై అంత శ్రద్ధ చూపినవారు లేరు. నీరు తెచ్చుకాలువకు శిస్తు వచ్చును. నీరు పోవుకాలువకు రాదు. కాలువ గట్లు, రోడ్లు, రైలుకట్టలు సహజమైన నీటిదారులకు అడ్డముగా లేచినవి. వాటి క్రింది తూములు చాలకపోయెను. యనమదుర్రు వంటి మురుగుకాలువలు పూడికతోను, గుర్రపుడెక్కతోను నిండినవి. సముద్రము దగ్గర వాలు బొత్తిగా లేనందున, ఆటుపోటులలో పోటు సమయమున నీరు వెనుకకే తన్నును.

1964లో వచ్చిన వరదల పిమ్మట ప్రభుత్వము ఎ.సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘమును నియమించెను. 1968లో కృష్ణా గోదావరి డెల్టాల మురుగునీటి పారుదలకై రైతుల నుండి పన్ను వసూలు చేయు చట్టము వచ్చెను. ఆనకట్ట ముగిసిన నూటపదునారేండ్లకు మురుగుకాలువ కూడ కాలువయేనని శాసనము గుర్తించినదన్నమాట. కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానమున నూతన బారేజి 1982 నాటికి వెలసెను. పల్లపు సమస్య మాత్రము అట్లే నిలిచినది. కొల్లేటిలో చేపల చెరువులకై లేపిన గట్లు ఉప్పుటేరుకు పోవు నీటిని అడ్డగింపగా, 2006లో వాటిని పెద్దయెత్తున తెగగొట్టవలసి వచ్చెను.

ఇది యింజనీర్ల గొడవ యని మనము ఊరకుండరాదు. డెల్టాలో ఇల్లు కట్టువారు ముందు స్థలమును మెరక చేయుదురు. పూర్వము ప్రక్కనే త్రవ్విన గుంట చెరువై, ఇంటి నీటిని తనలోనికి తీసికొనెడిది. నేడు మన్ను దూరము నుండి వచ్చుచున్నది. గుంట మన కంటికి కనుపించదు. మనము స్థలము నెత్తు చేసికొన్నప్పుడు వానకు ప్రక్కవారి యిల్లు పల్లమగుచున్నది. పిల్లకాలువ పూడ్చి గది కట్టినచో ఆ నీరు మాయము కాదు, వీధి కెక్కును.

నేలను చదును చేయుట యనగా నీటికి దారి లేకుండ చేయుట కాదు; దారిని కొలిచి చూపుట. ఆ దారిని మనము చూపనినాడు నీరు తన పల్లమును తానే వెదకికొనును. అప్పుడది మన గడప లోపలనే యుండవచ్చును.