విజ్ఞానసర్వస్వ రచనలో స్వీయప్రస్తావన: అదియమాన్‌కోట్టై ఉదాహరణ

స్వీయప్రస్తావన అనగా ఒక రచన తన విషయాన్ని విడిచి తనను గురించి తాను పలకడం. "ఈ వ్యాసంలో మా ఊరి చరిత్ర తెలుసుకుందాం", "మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి", "ఈ పేజీ ఇంకా పూర్తికాలేదు, తెలిసినవారు మార్చండి" వంటి వాక్యాలు ఈ కోవలోనివి. లేఖలో గాని, పత్రికలో గాని ఇటువంటి మాటలకు అభ్యంతరం లేదు. పలువురు కలిసి రాసే వికీపీడియా వంటి విజ్ఞానసర్వస్వంలో మాత్రం వ్యాసభాగంలో వీటికి చోటు లేదు.

వికీపీడియా 2001 జనవరి 15న ఆంగ్లంలో ప్రారంభమైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో వెలసింది. తెలుగువారు దానిని ముద్దుగా తెవికీ అంటారు. అందులో రాయడానికి పట్టా అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. కనుక కొత్తగా చేరినవారు సాధారణంగా తమ స్వగ్రామంతోనే శ్రీకారం చుడతారు. ఊరి మీది మమకారం వల్లనే ఆ వ్యాసాలలో స్వీయప్రస్తావన ఎక్కువగా చొరబడుతుంది.

ధర్మపురి నుండి సేలం వెళ్ళే రహదారి మీద అదియమాన్‌కోట్టై ఉంది. ఆ ఊరి తెలుగు కుటుంబంలోని యువకుడొకడు వ్యాసం మొదలుపెట్టి, "మా ఊరు ధర్మపురికి దగ్గరలో ఉంది. ఇక్కడి ఆలయం ఫొటో కుడి పక్కన చూడండి" అని రాశాడనుకోవచ్చు. మరునాడు గుంటూరు నుండి ఇంకొకరు దానిని సవరించి, "మన రాష్ట్రానికి పొరుగున ఉన్న తమిళనాడులో" అని చేరుస్తారు. ఇప్పుడు ఒకే పేరాలో ఇద్దరు మాట్లాడుతున్నారు. "మా ఊరు" అన్నవాడికి తమిళనాడు పొరుగు రాష్ట్రం కాదు, సొంత రాష్ట్రం. "మన రాష్ట్రం" అన్నవారికి అది సొంత ఊరు కాదు. చదివేవారికి ఆ ఇద్దరిలో ఎవరూ కనిపించరు. ఉమ్మడి రచనలో ఉత్తమ పురుషకు అర్థం నిలవదని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

సరిహద్దు కుటుంబాలకు ఈ "మన" అనే మాట మరింత బాధాకరం. హోసూరులోను, కృష్ణగిరిలోను, ధర్మపురిలోను తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్నవారు తెలుగు పుస్తకం తెరిచినప్పుడల్లా "మన రాష్ట్రం" అంటే వేరొక రాష్ట్రమని అర్థం చేసుకోవలసి వస్తున్నది. భాష ఒకటైనంత మాత్రాన పాఠకులందరి చిరునామా ఒకటి కాదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ మాట తెలుగు రాష్ట్రాల లోపల కూడా తికమక పెట్టసాగింది. అంతకుముందు రాసిన వ్యాసాలలోని "మన రాష్ట్ర రాజధాని" ఏ ఊరో సందర్భం లేకుండా చెప్పడం సాధ్యం కాదు. రాష్ట్రం పేరునే రాసి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

నిషేధానికి ముఖ్యకారణం మరొకటి ఉంది. వికీపీడియా పాఠాన్ని ఎవరైనా తిరిగి వాడుకోవచ్చు. మూలాన్ని పేర్కొని, అదే షరతుతో పంచాలన్నదే నియమం. 2009 నుండి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం ఇది సాగుతున్నది. అందువల్ల వ్యాసం తన పుట్టింటిలోనే ఉండిపోదు. వేరే వెబ్‌సైట్లలోకి, కివిక్స్ వంటి సాఫ్ట్‌వేర్ ద్వారా అంతర్జాలం లేని పాఠశాల కంప్యూటర్లలోకి, విద్యార్థి ప్రాజెక్టు పుస్తకంలోకి చేరుతుంది. కాగితం మీద "ఇక్కడ నొక్కండి" అన్నది ఎందుకూ కొరగాదు. "కుడి పక్కన" ఉన్న ఫొటో చేతి ఫోనులో వాక్యానికి పైనో కిందనో పడుతుంది. చూపులేనివారు చదివించుకొనే యంత్రానికి కుడి ఎడమలు లేనే లేవు.

పై యువకుని వ్యాసాన్ని ఇలా మార్చవచ్చు: "అదియమాన్‌కోట్టై తమిళనాడు రాష్ట్రం, ధర్మపురి జిల్లాలోని గ్రామం. సంగం కాలంలో తగడూరు కేంద్రంగా పాలించిన అదియమాన్ నాయకుల పేరు ఈ గ్రామనామంలో కనిపిస్తుంది. గ్రామంలో కాలభైరవ ఆలయం, చెన్రాయ పెరుమాళ్ ఆలయం ఉన్నాయి." ఇందులో "ఈ గ్రామనామం" అన్నది దోషం కాదు. అక్కడ "ఈ" అన్నది విషయాన్ని చూపుతున్నది, వ్యాసాన్ని కాదు. కొందరు ఉత్సాహవంతులు "ఈ" కనబడిన చోటల్లా కొట్టివేస్తుంటారు. అది అనవసరపు శ్రమ.

కాలసూచకాలు కూడా ఒక విధంగా స్వీయప్రస్తావనలే. "ప్రస్తుతం", "ఇటీవల" అనే మాటలు రాసిన రోజును చూపుతాయి గాని చదివే రోజును కాదు. ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుండి ఏర్పడింది. 2004 ఫిబ్రవరి 9న దాని నుండి కృష్ణగిరి జిల్లా విడిపోయింది. "హోసూరు ప్రస్తుతం ధర్మపురి జిల్లాలో ఉంది" అని 2003 చివర రాసిన వాక్యం మూడు నెలలైనా నిలవదు. సేలం రహదారిది అప్పట్లో 7వ నంబరు. జాతీయ రహదారులకు 2010లో కొత్త సంఖ్యలు వచ్చినప్పుడు అది 44 అయింది. సంవత్సరం వేసి రాసినవారి వాక్యం ఈనాటికీ చెల్లుతున్నది.

అన్నిటికంటే హానికరమైనది విజ్ఞానసర్వస్వం తనకు తానే సాక్ష్యం చెప్పుకోవడం. ఒకరు ఆధారం లేకుండా ఆలయానికి ఒక శతాబ్దం అంటగడతారు. ఉత్సవ కరపత్రం దానిని చూసి అచ్చువేస్తుంది. తరువాత మరొకరు ఆ కరపత్రాన్నే ఆధారంగా చూపుతారు. అబద్ధం ప్రదక్షిణం చేసి నిజం వేషంలో గుడిలోకి తిరిగి వస్తుంది. దీనికి విరుగుడు వెలుపలి ఆధారమే. అదియమాన్ సంగతిలో అటువంటి ఆధారం ఉండడం అదృష్టం. 1981లో తిరుక్కోయిలూరు ప్రాంతంలోని జంబైలో దొరికిన తమిళ బ్రాహ్మీ శాసనం "సతియపుతో" అనే బిరుదుతో అదియన్ నెడుమాన్ అంజిని పేర్కొంటున్నది. అశోకుని శాసనాలలోని సతియపుత్రులు ఎవరన్న చర్చకు అది ఊతమిచ్చింది. ఆయన అవ్వైయార్‌కు దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయను సమర్పించిన కథకు సంగం సాహిత్యమే ఆధారం. కనుక కథను కథగాను, శాసనాన్ని శాసనంగాను వేరుపరచి రాయాలి.

మినహాయింపులు లేకపోలేదు. వికీపీడియాయే వ్యాసవిషయమైనప్పుడు దాని పేరు రాక తప్పదు. అయితే అక్కడ కూడా బయటివారు రాసినట్లుండాలి, "మా వికీపీడియా" అనరాదు. చిన్న వ్యాసాలకు తెవికీలో "మొలక" అనే గుర్తింపు ఉంది. ఆధారాలు కావాలని కోరే పలకలు కూడా ఉన్నాయి. ఇవి స్వీయప్రస్తావనలే అయినా "మూస" అనే విడి భాగంలో ఉంటాయి గనుక వ్యాసాన్ని వేరొక చోటికి తీసుకుపోయేవారు వాటిని తేలికగా తొలగించగలరు.

ఊరి పేరును అదియమాన్‌కోట్టై అని రాయాలా, అదియమాన్ కోట అని రాయాలా అన్న వివాదం వస్తే దాని స్థానం వ్యాసం కాదు, దానికి జతగా ఉండే చర్చాపేజీ. రెండవ పేరుతో వెదికేవారికి దారిమార్పు పేజీ సరిపోతుంది. రాసినవారి పేరు, తేదీ, చేసిన మార్పు చరిత్ర పేజీలో దానంతటదే నమోదవుతాయి. కనుక వ్యాసం చివర సంతకం పెట్టనవసరం లేదు. చర్చాపేజీలో మాత్రం "మా ఊరు", "మా తాతగారు చెప్పేవారు" అని నిస్సంకోచంగా రాసి, చివర నాలుగు టిల్డే గుర్తులు వేస్తే సంతకం, సమయం వాటంతటవే పడతాయి.