కి, కు, వజ్రం, బొగ్గు

మా ఎడిసన్ పట్టణానికి 1954 దాకా రారిటన్ టౌన్‌షిప్ అని పేరు. ఇక్కడి మెన్లో పార్కులోనే 1879లో థామస్ ఎడిసన్ నూలుదారాన్ని మాడ్చి, ఆ నల్లటి పోగుతో విద్యుద్దీపం వెలిగించాడు. మాడిన దారంలో మిగిలింది కర్బనం. పెన్సిల్లోని గ్రాఫైటూ అదే, వజ్రమూ అదే. వజ్రం కర్బనమేనని 1797లో స్మిత్సన్ టెనంట్ తేల్చాడు. ఒకే మూలకం ఇలా వేర్వేరు రూపాల్లో ఉండటానికి స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ 1841లో ‘అలోట్రొపీ’ అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో రూపాంతరత.

గ్రీకులో ‘అలో’ అంటే వేరైనది అని. ఈ ముక్క తర్వాత భాషాశాస్త్రంలోకీ వచ్చింది. ‘అలోఫోన్’ అన్న మాట పుట్టించిన బెంజమిన్ లీ వోర్ఫ్ చదివింది కెమికల్ ఇంజనీరింగు, ఉద్యోగం అగ్నిప్రమాదాల బీమా కంపెనీలో! ఖనిజశాస్త్రంలో అంతకుముందే ఉన్న ‘అలోమార్ఫ్’ను 1948లో యూజీన్ నైడా పదాంశాల రూపభేదాలకు వాడాడు. తెలుగులో సపదాంశం అంటున్నారు.

పేరు కొత్తదే గాని సంగతి మనకు పాతది. చిన్నప్పుడు గసడదవాదేశం, సరళాదేశం బట్టీపట్టినవాళ్ళకు ‘ఆదేశం’ గుర్తుండే ఉంటుంది. ఒకదాని చోట మరొకటి రావడం. పాణిని నాటి ఆలోచన. ఇకారం తర్వాత ‘కు’ కాస్తా ‘కి’ అవుతుందని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రమే రాశాడు. అందుకే నాకు, మాకు. కానీ ఇంటికి, బడికి.

ఇక్కడ పుట్టిన పిల్లలు ‘ఇంటికు’ అంటే చుట్టాలు ఫక్కున నవ్వుతారు. నాకది నచ్చదు. ఆ పిల్ల విభక్తి సరిగ్గానే పట్టుకుంది, పక్కనున్న అచ్చు సంగతే ఇంకా తెలియలేదు. అర్థం ఏమీ చెడలేదు.

రసాయనశాస్త్రంతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఈ రాష్ట్రంలో మందుల పరిశ్రమలో ఉన్న మనవాళ్ళకు రిటోనవిర్ కథ తెలిసే ఉంటుంది. 1996లో వచ్చిన ఎయిడ్స్ మందు అది. 1998లో కేప్సూళ్ళలో అంతకుముందు ఎరగని మరో స్ఫటికరూపం తేలింది. అణువు అదే, పేర్చుకున్న తీరు వేరు. ఆ రూపం సరిగా కరగదు. కేప్సూళ్ళ సరఫరా ఆగిపోయి రోగులు ద్రవరూపంలోని మందుతో నెట్టుకురావలసి వచ్చింది. అక్కడ రూపం మారితే ప్రాణం మీదికి వస్తుంది. ‘ఇంటికు’ వల్ల ఎవరికీ ఏమీ కాదు. ఆ నవ్వుకు చిన్నబుచ్చుకుని తెలుగే మానేసిన పిల్లలను మాత్రం నేను చూశాను.

మా ఆదివారం బడిలో ఇప్పుడు ఎవరూ దిద్దరు. “ఇంటికు ఎప్పుడు వెళ్తాం?” అని పిల్ల అడిగితే, “ఇంటికి పన్నెండింటికి వెళ్దాం” అంటాం.