సేంద్రియ పెసలు

రసాయన ఎరువులు, పురుగుమందులు, కలుపు మందులు వాడకుండా పండించిన పెసలను సేంద్రియ పెసలు అంటారు. పెసర (శాస్త్రీయ నామం విగ్నా రేడియేటా) చిక్కుడు కుటుంబంలోని అపరాల పంట. దీని పుట్టిల్లు మన దేశమే. తెలంగాణలో పెసర్లు అని కూడా అంటారు. పొట్టు తీయకుండా బద్దలు చేస్తే పొట్టు పెసరపప్పు, పొట్టు తీస్తే చాయ పెసరపప్పు. కందులు చాలావరకు పొట్టు పోయాకే వంటింటికి చేరతాయి. పెసలను మాత్రం పొట్టుతోనే రుబ్బుతాం, పొట్టుతోనే మొలకెత్తిస్తాం. పైరు మీద ఏం కొట్టారన్న ప్రశ్న మిగతా పప్పుల కన్నా వీటి దగ్గర ముఖ్యం కావడానికి కారణం ఇదే.

సాగు

పంట 60 నుంచి 75 రోజుల్లో చేతికొస్తుంది. వేరు బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది కాబట్టి యూరియా లేకుండా పండించడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా పురుగుతోనే. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు ఆకులను పసుపు పచ్చగా మారుస్తుంది. మరుకా మచ్చల పురుగు పూతను, పిందెను గూడుగా అల్లి లోపల తింటుంది. సేంద్రియ రైతులు తెగులును తట్టుకునే రకాలు వేసి, చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న విత్తి, పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, 5 శాతం వేపగింజల కషాయం పిచికారీ చేస్తారు.

పెసర కాయలన్నీ ఒకేసారి పండవు. అందుకే కొన్ని ప్రాంతాల్లో కోతకు ముందు కలుపు మందు కొట్టి పైరునంతా ఒక్కసారిగా ఎండబెడతారు. సేంద్రియ సాగులో ఆ దారి లేదు. ఎండిన కాయలను విడతలుగా ఏరాలి, లేదా ఎక్కువ కాయలు ఎండేదాకా ఆగి కోయాలి. ధర ఎక్కువ పలకడానికి ఆ కూలీ ఖర్చూ ఒక కారణం.

అంగట్లో కొనేటప్పుడు పొట్లం మీద సేంద్రియ ధ్రువీకరణను తెలిపే జైవిక్ భారత్ గుర్తు చూడాలి. రైతు నేరుగా వినియోగదారుకు అమ్మే చిన్న మొత్తాలకు ధ్రువపత్రం తప్పనిసరి కాదు. అక్కడ రైతు మీది నమ్మకమే ఆధారం. నిల్వలో విషవాయువు పెట్టరు కనుక వీటికి పుచ్చు త్వరగా పడుతుంది. బాగా ఎండబెట్టి, ఎండు వేపాకు కలిపి, రెండు నెలలకు సరిపడా మాత్రమే ఉంచుకోవడం మేలు.

పోషకాలు

100 గ్రాముల ఎండు పెసల్లో సుమారు 347 కిలోకేలరీల శక్తి, 24 గ్రాముల మాంసకృత్తులు, 16 గ్రాముల పీచు, 6.7 మిల్లీగ్రాముల ఇనుము, 625 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటాయి. ఉడికాక నీరు చేరుతుంది కనుక 100 గ్రాముల ఉడికిన పెసల్లో మాంసకృత్తులు 7 గ్రాములే. ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది ఎండు గింజల అంకే. సేంద్రియం అయినంత మాత్రాన ఈ అంకెలు చెప్పుకోదగ్గంతగా పెరగవు. తేడా మందుల అవశేషాల్లోనే. పెసల్లో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. బియ్యంలో సరిగ్గా దీనికి తలకిందులు. కాబట్టి రెండూ కలిపి వండే పులగం, పొంగలి ఒకదాని లోటును మరొకటి తీర్చే వంటలు.

వంటలు

పెసలకు పేరు తెచ్చింది పెసరట్టు. పెసలను నాలుగైదు గంటలు నానబెట్టి, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, ఉప్పు చేర్చి రుబ్బుతారు. మినప దోసెల పిండిలా పులియబెట్టే పని లేదు. పులిస్తే రుచి చెడుతుంది కూడా. కడిగేటప్పుడు పైకి తేలినవి పుచ్చు గింజలు, తీసేయాలి. ఎంత నానినా రాయిలా ఉండిపోయే గింజలు కొన్ని ఉంటాయి. అట్టులో అయితే రుబ్బుడులో నలిగిపోతాయి గానీ గుగ్గిళ్లలో పంటికి తగులుతాయి. పెనం మీద పిండి పలచగా పరిచి, ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర చల్లి, అంచు ఎర్రబడ్డాక మధ్యలో ఉప్మా పెట్టి మడిస్తే ఉప్మా పెసరట్టు. పక్కన అల్లం పచ్చడి ఉండాల్సిందే. కొరియావారు కూడా నానబెట్టిన పెసలు రుబ్బి బిందెట్టొక్ అనే అట్టు వేస్తారు. దానిలో పంది మాంసం, కిమ్చీ కలుపుతారు. చైనాలో పెసర పిండిపదార్థంతో గాజులా మెరిసే నూడుల్స్ చేస్తారు.

శ్రీరామనవమి నాడు పానకంతో పాటు పంచే వడపప్పు నానిన చాయ పెసరపప్పే. బీరకాయ, పాలకూర పప్పుల్లోనూ ఇది కందిపప్పుకు బదులు పడుతుంది. త్వరగా ఉడుకుతుంది, తేలిగ్గా అరుగుతుంది కనుక జ్వరం నుంచి తేరుకునేవారికి పలచని పెసరకట్టు పోయడం పాత అలవాటు.

మొలకెత్తితే ఎండు గింజలో అంతగా లేని సి విటమిన్ పెరుగుతుంది. కానీ మొలకలకు కావలసిన తడి, వెచ్చదనమే హానికర బాక్టీరియాకూ కావాలి. దానికి సేంద్రియ ముద్ర అడ్డు కాదు. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు మొలకలను పచ్చివి పెట్టకుండా బాగా ఉడికించి పెట్టాలి.