మామిడిలో కొమ్మ ఎండు, బంక కారు తెగులు: ఎండిన కొమ్మను చెట్టు మీద ఉంచకండి

మామిడి చెట్టులో ఒక కొమ్మ చివర నుంచి కిందికి ఎండుకుంటూ రావడం, బెరడు నల్లబడి పగిలి బంక కారడం ఈ తెగులు ముఖ్య లక్షణాలు. ఇది శిలీంద్రం వల్ల వచ్చే క్యాంకర్, అంటే బెరడు మీద పుండు పడే తెగులు. హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, ఇబ్రహీంపట్నం వైపు తోటల్లోనూ, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్‌బీ నగర్ కాలనీల్లో ఇళ్ళ ముందున్న చెట్లలోనూ కనిపిస్తుంది.

ఒక కొమ్మే కదా పోయిందని చాలామంది రైతులు వదిలేస్తారు. కానీ ఆ ఎండు కొమ్మ మీద పెరిగే శిలీంద్రమే కాయ తొడిమలోకి చేరి, కోత తర్వాత కాయను తొడిమ దగ్గర నుంచి కుళ్ళబెడుతుంది. తోటలో పచ్చిగా, శుభ్రంగా కనిపించిన కాయ బాక్సులో పండేసరికి నల్లబడుతుంది. అందువల్ల ఈ తెగులును చెట్టు ఆరోగ్యం కోసమే కాక, మార్కెట్లో వచ్చే ధర కోసం కూడా అదుపు చేయాలి.

తెగులు కారకం

లాసియోడిప్లోడియా థియోబ్రోమే అనే శిలీంద్రం దీనికి కారణం. పాత పుస్తకాల్లో దీన్నే బోట్రియోడిప్లోడియా థియోబ్రోమే అని రాసేవారు. ఉష్ణ మండలంలో సుమారు 500 రకాల మొక్కల మీద బతకగలదు. మామిడితో పాటు బత్తాయి, నిమ్మ, జామ, కొబ్బరి, కోకో వంటి పంటలనూ ఆశిస్తుంది.

చల్లని దేశాల్లో ఆపిల్, పియర్ చెట్లకు వచ్చే క్యాంకర్లలో కొన్నింటిని ఈ శిలీంద్ర కుటుంబానికే చెందిన జాతులు కలిగిస్తాయి. యూరప్‌లో ఆపిల్ రైతులను ఎక్కువగా బాధించే క్యాంకర్ మాత్రం వేరు. దాన్ని నియోనెక్ట్రియా అనే శిలీంద్రం కలిగిస్తుంది. దానికి చల్లని, తడి వాతావరణం కావాలి. మన శిలీంద్రానికి వేడి, తేమ రెండూ అనుకూలం. వానాకాలంలో 30 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉండే రోజులు దీనికి బాగా కలిసివస్తాయి.

లక్షణాలు

• రెమ్మ చివర బెరడు ముదురు రంగుకు మారి, ఎండు కిందికి పాకుతుంది. ముందు చిన్న రెమ్మలు, తర్వాత పెద్ద కొమ్మలు ఎండుతాయి.

• ఆకులు గోధుమ రంగుకు మారి అంచులు పైకి ముడుచుకుంటాయి. నిప్పు సెగ తగిలినట్లు కనిపిస్తాయి. ఎండిన ఆకులు వెంటనే రాలకుండా చాలా రోజులు కొమ్మకు వేలాడుతుంటాయి.

• కొమ్మ మీద, మాను మీద బెరడు నిలువుగా పగిలి బంక కారుతుంది. మొదట తేనె రంగులో ఉండి, గాలి తగిలి నల్లగా గట్టిపడుతుంది.

• ఎండుతున్న కొమ్మను నిలువుగా చీల్చి చూస్తే లోపల గోధుమ రంగు చారలు ఉంటాయి. పైకి పచ్చగా ఉన్న భాగంలోకి కూడా ఈ చారలు దిగి ఉంటాయి.

• పూర్తిగా ఎండిన పుల్లల మీద గుండుసూది తల కన్నా చిన్న నల్లని బొడిపెలు ఏర్పడతాయి. శిలీంద్ర బీజాలు వీటి నుంచే వస్తాయి.

ఎలా వ్యాపిస్తుంది?

వాన చినుకులకు ఈ బొడిపెల నుంచి బీజాలు బయటపడి పక్క కొమ్మలకు చేరతాయి. ఆరోగ్యంగా, గాయం లేకుండా ఉన్న బెరడులోకి ఇది అంత సులువుగా పోలేదు. గాయం దొరకాలి, లేదా చెట్టు నీరసించి ఉండాలి. మన ప్రాంతంలో ఆ అవకాశం ఇచ్చే పరిస్థితులు ఇవి:

• వానాకాలంలో కత్తితో అడ్డదిడ్డంగా నరికిన కొమ్మల మొండేలు.

• కాండం తొలుచు పురుగు చేసిన రంధ్రాలు.

• ఏప్రిల్, మే ఎండలకు మాడి చిట్లిన బెరడు. కొమ్మలు ఎక్కువగా కొట్టేసి మాను మీద నేరుగా ఎండ పడేలా చేసిన చెట్లలో ఇది ఎక్కువ.

• లోతు తక్కువ ఎర్ర చల్కా నేలల్లో వరుసగా నీటి ఎద్దడికి గురైన చెట్లు. అలాగే వానాకాలంలో మొదట్లో నీరు నిలిచిన చెట్లు.

ఇలాంటివే మరికొన్ని సమస్యలు

మందు కొనే ముందు తెగులు ఇదేనని నిర్ధారించుకోండి.

కాండం తొలుచు పురుగు: రంధ్రం, దాని కింద రంపపు పొట్టు ఉంటాయి. ఇనుప చువ్వతో పురుగును తీసి, పెట్రోల్ లేదా కిరోసిన్‌లో ముంచిన దూదిని రంధ్రంలో పెట్టి బంకమట్టితో మూయాలి. గతంలో దీనికి వాడిన డైక్లోర్వాస్ మందు 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధంలో ఉంది. పాత సీసా ఉన్నా వాడకండి.

ఉప్పు నీటి వల్ల ఆకు మాడటం: ఆకు అంచులు మాత్రమే ఎండుతాయి. రెమ్మ పచ్చగానే ఉంటుంది, బంక కారదు. బోరు నీటిని పరీక్ష చేయించండి.

నిమ్మలో గజ్జి తెగులు: దీన్నీ క్యాంకర్ అనే పిలుస్తారు, కానీ ఇది బాక్టీరియా వల్ల వస్తుంది. ఆకులు, కాయల మీద పసుపు వలయంతో గరుకు మచ్చలు ఏర్పడతాయి. దాని యాజమాన్యం వేరు.

వేప కొమ్మలు ఎండటం: కొన్నేళ్ళుగా నగరమంతా చూస్తున్న ఈ సమస్యకు ఫోమాప్సిస్ అనే మరో శిలీంద్రం కారణం. పక్కనున్న వేప ఎండిందని, మీ మామిడి కూడా అందువల్లే ఎండుతోందని అనుకోకండి.

యాజమాన్యం

1. కత్తిరింపు

ఈ తెగులుకు అసలు మందు కత్తెర, రంపం. కొమ్మ లోపలికి దిగిన శిలీంద్రాన్ని పై పిచికారీ చంపలేదు. కాయ కోత పూర్తయ్యాక, జూన్–జూలైలో వాన తెరిపి ఇచ్చిన పొడి రోజులు చూసుకుని ఎండు కొమ్మలన్నీ తీసేయాలి. ఎండిన చోట కాకుండా, అక్కడి నుంచి కనీసం 8–10 సెం.మీ. పచ్చి భాగంలోకి వెళ్ళి కోయాలి. కోసిన ముఖం చూడండి. గోధుమ రంగు మచ్చ లేదా చార ఇంకా ఉంటే మరికొంత కిందికి కోయాలి.

పెద్ద కొమ్మను పై నుంచి ఒకేసారి కోస్తే బరువుకు విరిగి మాను బెరడు చీలుతుంది. ముందు అడుగు వైపు కొంత గాటు పెట్టి, తర్వాత పై నుంచి కోయాలి. మొండెం వదలకుండా, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే భాగానికి దగ్గరగా కోస్తే గాయం త్వరగా మానుతుంది. ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు వెళ్ళే ముందు రంపాన్ని, కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి.

కోసిన పుల్లలు చెట్టు కింద కుప్ప పోయకండి. పొయ్యిలోకో హోమానికో దాచుకోవాలనుకుంటే తోటకు దూరంగా, వాన తగలని చోట పెట్టండి. లేదా కాల్చేయండి.

2. బోర్డో పేస్ట్

కోసిన ప్రతి గాయానికి అదే రోజు బోర్డో పేస్ట్ పూయాలి. 1 కిలో మైలతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీరు కావాలి. ఇంటి దగ్గర ఒకటి రెండు చెట్లే ఉంటే 100 గ్రాముల మైలతుత్తం, 100 గ్రాముల సున్నం, 1 లీటరు నీరు చాలు. సగం నీటిలో మైలతుత్తం, మిగతా సగంలో సున్నం వేర్వేరుగా కలిపి, మైలతుత్తం ద్రావణాన్ని సున్నంలోకి పోస్తూ కర్రతో కలపాలి. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలే వాడాలి. తయారైన మిశ్రమంలో శుభ్రమైన ఇనుప చాకును ముంచి తీస్తే ఎర్రని పూత పడకూడదు. పడితే మరికొంత సున్నం కలపాలి. ఏ రోజుకారోజు తయారు చేసుకుని వాడాలి.

మాను మీద బంక కారే పుండ్లుంటే, చెడిపోయిన బెరడును పదునైన కత్తితో ఆరోగ్యమైన భాగం కనిపించే వరకు చెక్కి, ఆ పైన పేస్ట్ పూయాలి.

3. పిచికారీ

కత్తిరింపు అయ్యాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చెట్టంతా తడిచేలా పిచికారీ చేయాలి. 15–20 రోజులకు మరోసారి చేయాలి. తెగులు తీవ్రంగా ఉంటే రెండోసారి లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ లేదా 1 గ్రాము థయోఫానేట్ మిథైల్ వాడవచ్చు. పూత విచ్చుకున్న సమయంలో పిచికారీ చేయకండి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబుల్ చూసి పాటించండి.

4. చెట్టు బలం

పాదుల్లో నీరు నిలవకుండా కాలువ తీయండి. భూసార పరీక్ష ప్రకారం ఎరువులు, వాటితో పాటు బాగా చివికిన పశువుల ఎరువు తొలకరిలో వేయండి. ఎండాకాలంలో పాదులో ఆకుల మల్చింగ్ చేసి, మానుకు సున్నం పూస్తే బెరడు ఎండకు చిట్లదు.

కాయ కోతలో జాగ్రత్తలు

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో మూసి, వ్యాపారాన్ని విజయవాడ హైవే మీదున్న బాటసింగారానికి తరలించారు. మార్కెట్ మారినా కొనేవాడు చూసేది మారలేదు. తొడిమ చుట్టూ గోధుమ రంగు వలయం మొదలైతే రెండు మూడు రోజుల్లో అది కాయంతా పాకుతుంది. బేనిషాన్ కాయను దూర ప్రాంతానికి పంపే వ్యాపారి అటువంటి సరుకుకు ధర తగ్గిస్తాడు, లేదా వద్దంటాడు.

దీన్ని తగ్గించాలంటే కాయను రాల్చకుండా చిక్కంతో, సుమారు 1 సెం.మీ. తొడిమ ఉంచి కోయాలి. నేల మీద పెట్టకూడదు. సొన పూర్తిగా కార్చాకే బాక్సులో సర్దాలి. సౌకర్యం ఉన్న రైతు బృందాలు కాయలను 52 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 10 నిమిషాలు ఉంచి, ఆరబెట్టి పంపితే తొడిమ కుళ్ళు, పక్షి కన్ను తెగులు రెండూ తగ్గుతాయి. వేడి పెరిగితే తోలు దెబ్బతింటుంది కనుక థర్మామీటర్ తప్పనిసరి.

ఇళ్ళ దగ్గర చెట్లున్నవారికి

కాలనీల్లో మామిడికి రెండు ఇబ్బందులు ఎక్కువ. ఒకటి, మాను మొదలు వరకు సిమెంటు పోయడం. చుట్టూ కనీసం మీటరు మేర మట్టి వదలండి. రెండోది, కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు నరికి మొండేలు వదిలేయడం. నరికిన రోజునో మర్నాడో ఆ మొండేలను సరిగ్గా కోసి బోర్డో పేస్ట్ పూయించండి. తీగల దగ్గర మీరే ఎక్కి కోయకండి. సరఫరా ఆపించి, పని తెలిసిన మనిషితోనే చేయించాలి.

చలి తక్కువ అవసరమయ్యే హెచ్‌ఆర్‌ఎంఎన్–99 వంటి ఆపిల్ మొక్కలను మిద్దె మీద కుండీల్లో పెంచేవారూ ఇవే జాగ్రత్తలు తీసుకోవాలి. మిద్దె వేడికి కాండం బెరడు చిట్లితే క్యాంకర్ శిలీంద్రాలకు దారి దొరుకుతుంది. వేసవిలో నీడ వల కట్టి, కాండానికి సున్నం పూయండి.

ఏడాదిలో చేయాల్సిన పనులు

జూన్–జూలై: కోత తర్వాత కత్తిరింపు, బోర్డో పేస్ట్, మొదటి పిచికారీ.
ఆగస్టు: రెండో పిచికారీ, నీరు పోయే కాలువల తనిఖీ.
అక్టోబరు–నవంబరు: తోటంతా తిరిగి కొత్తగా ఎండిన రెమ్మలు, బంక, పురుగు రంధ్రాలు చూడాలి. కనిపించిన రెమ్మను పూత రాకముందే తీసేయాలి.
ఫిబ్రవరి–మార్చి: మానుకు సున్నం, పాదులో మల్చింగ్.
ఏప్రిల్–మే: తొడిమతో కోత, సొన కార్చడం.

సగానికి పైగా కొమ్మలు ఎండినా, చెట్టు మొత్తం ఒకేసారి వాడినా వేర్ల సమస్య కావచ్చు. సగం ఎండి సగం పచ్చిగా ఉన్న కొమ్మ ముక్కను కాగితం సంచిలో పెట్టి మీ మండల ఉద్యాన అధికారికి చూపించండి. పూర్తిగా ఎండిన పుల్లతో తెగులును నిర్ధారించడం కష్టం. ఫోన్‌లో సలహా కోసం కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800–180–1551. తెలుగులోనే మాట్లాడవచ్చు.