వంగెడి వెన్ను

మన వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్లలు కలవు. అవి చెడినచోట పూసలను రెంటిని కలిపి యతికించుట పాత చికిత్స. నొప్పి తగ్గవచ్చును, అచ్చట వంగుట మాత్రము పోవును.

కదలికను దక్కించుకొనగోరి స్వీడను వైద్యుడు ఫెర్న్‌స్ట్రోమ్ బిళ్లకు మారుగా ఉక్కుగుండు నుంచెను. 1966లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. కాని బరువంతయు ఒక్కచోట పడుటచే గుండ్లు ఎముకలలోనికి దిగబడెను.

1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచిన తూర్పు జర్మనీ వ్యాయామక్రీడాకారిణి కారిన్ యాంజ్, పిదప వైద్యురాలై, బెర్లిను షారిటే వైద్యశాలలో షెల్నాక్‌తో కూడి, రెండు లోహపు పలకల నడుమ జారెడి ప్లాస్టిక్ బిళ్లను కల్పించెను. 1984లో దానిని తొలిసారి రోగి కమర్చిరి. పలకలు క్రుంగుటయు విరుగుటయు జూచి, 1987లో వానిని వెడల్పు చేసిరి.

ఇది అందరికిని తగిన చికిత్స కాదు. అయినను, వంగగలుగుట యెంతటి భాగ్యమో మేనితో నెరిగిన యామెయే దానిని నిలుప బూనుట నా కబ్బురము గాదు.