పెన్ను ఎందుకు కక్కుతుంది

ఇంకు పెన్ను మూత తీయగానే పాళీ మొదలంతా తడిగా ఉండి వేళ్లకు నీలం అంటుకుంటే, చాలామంది తప్పు ఇంకు మీదికి తోస్తారు. పలచగా ఉందనో నాసిరకమనో బుడ్డి మారుస్తారు. ఇంకు మారినా కారడం ఆగదు. కారే పెన్నులో ముందు అనుమానించాల్సింది గాలిని. రావలసిన దారిన కాక ఇంకో సందులోంచి గాలి దూరినా, లోపలున్న గాలి వేడెక్కి ఉబ్బినా, ఇంకు బయటికి వచ్చి తీరుతుంది. ఫౌంటెన్ పెన్ను చరిత్రలో ఎక్కువ భాగం ఈ గాలిని దారిలో పెట్టడానికి మనుషులు పడిన పాటే. ఆ కథ తెలిస్తే మన జేబులో పెన్ను ఎక్కడ కారుతోందో కనిపెట్టడం తేలికవుతుంది.

ఇంకును కడుపులో దాచుకునే కలం కావాలన్న కోరిక చాలా పాతది. 10వ శతాబ్దంలో ఫాతిమిద్ ఖలీఫా అల్ ముయిజ్ చేతికీ బట్టకూ మరక అంటని కలం చేయించాడని, తిరగేసి పట్టుకున్నా అది కారేది కాదని ఆయన కొలువులోని న్యాయాధికారి అల్ నుమాన్ రాసిపెట్టాడు. అంటే మొదటి కోరికలోనే కారకూడదన్న షరతు ఉంది. 1827లో పారిస్‌లో చదువుకుంటున్న రొమేనియా యువకుడు పెట్రాకే పోయెనారు ఇలాంటి కలానికే ఫ్రాన్సులో పేటెంటు తీసుకున్నాడు. అయినా మరో అరవై ఏళ్లపాటు జనం దవాతులో ముంచి రాయడమే మేలనుకున్నారు. ఇంకును దాచడం అందరికీ చేతనైంది, అవసరమైనంతే వదలడం ఎవరికీ చేతకాలేదు.

మూతి సన్నటి సీసాను బోర్లిస్తే నీళ్లు ధారగా పడవు, గుటకలు గుటకలుగా పడతాయి. కొంచెం నీరు దిగాక లోపల ఒత్తిడి తగ్గి ధార ఆగుతుంది, బుడగొకటి లోపలికి పోయాక మళ్లీ దిగుతుంది. పాతకాలం పెన్నులూ అంతే. రెండు మాటలు రాసేసరికి ఇంకు ఆగేది. విదిలిస్తే గాలి ఒక్కసారిగా దూరి ఇంకు బొట్టు కాగితం మీద పడేది. న్యూయార్క్‌లో బీమా ఏజెంటుగా పనిచేసిన లూయిస్ ఎడ్సన్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన నాలిక ఈ చిక్కు విప్పింది. పాళీ కింద ఉండే ఆ నాలికలో ఒక గాడి, గాడి అడుగున వెంట్రుకల్లాంటి సన్నటి చీలికలు. చీలికల వెంట ఇంకు దిగుతుంటే గాడి గుండా గాలి పైకి పోతుంది. దిగిన ఇంకుకు సరిపడా గాలి అప్పటికప్పుడు లోపలికి చేరుతుంది. పాలసీ కాగితం మీద పెన్ను ఇంకు కక్కడంతో బేరం పోయి, ఆ కసితో ఆయన ఇది కనిపెట్టాడని చెప్పే కథ కంపెనీ ప్రచారంలో పెరిగింది. దాన్ని నమ్మాల్సిన పనిలేదు. ఆ చీలికలు చాలు ఆయన గొప్పతనానికి.

నాకు వాటర్‌మన్ కన్నా జార్జ్ పార్కర్ మీద మక్కువ ఎక్కువ. ఎందుకంటే ఆయన రిపేరు చేస్తూ చేస్తూ పెన్ను నేర్చుకున్నవాడు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం జేన్స్‌విల్‌లో టెలిగ్రాఫ్ పాఠాలు చెబుతూ, పైరాబడి కోసం విద్యార్థులకు పెన్నులు అమ్మేవాడు. అవి కారేవి, ఆగిపోయేవి. అమ్మినవాడు కాబట్టి తనే విప్పి బాగుచేసి ఇచ్చేవాడు. అలా విప్పగా విప్పగా జబ్బు ఎక్కడుందో తెలిసింది. 1888లో సొంత కంపెనీ పెట్టాడు. ఆయన కనిపెట్టిన జబ్బు ఇది: రాయడం ఆపి పెన్ను జేబులో పెట్టుకున్నాక నాలిక గాడిలో కొంత ఇంకు మిగిలిపోతుంది. ఒంటి వేడికి లోపలి గాలి ఉబ్బి, ఆ మిగిలిన ఇంకును మూతలోకి తోస్తుంది. మళ్లీ మూత తీసినప్పుడు వేళ్లకు అంటేది అదే. పార్కర్ నాలిక వెనక కొసను వంచి గొట్టం లోపలి గోడకు తగిలేలా చేశాడు. పెన్ను నిలబెట్టగానే గాడిలోని ఇంకు ఆ వంపు వెంట గోడ పట్టుకుని వెనక్కి జారిపోతుంది. 1894లో పేటెంటు పొందిన ఈ వంపు నాలికకు ‘లక్కీ కర్వ్’ అని పేరు. ఈ రోజు దొరికే పెన్ను నాలికను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి, చాలావాటికి దువ్వెన పళ్లలా రెక్కలు కనిపిస్తాయి. గాలి తోసేసిన ఇంకు బయటపడకుండా ఆ పళ్ల సందుల్లో నిలుస్తుంది. పార్కర్ 51 పెన్నులో ఈ పళ్లు పైకి కనిపించవు, లోపల దాగి ఉంటాయి.

ఇదే జబ్బు మన రాజమండ్రి పెన్నుల్లోనూ ఉంది. అక్కడ కె.వి. రత్నం చేసిన స్వదేశీ పెన్ను గాంధేయవాది జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. బజారులో దొరికే విదేశీ పెన్నుల స్థానంలో ఇది పనికొస్తుందని మెచ్చుకుంటూ ఆయన 1935 జులైలో వార్ధా నుంచి ఉత్తరం రాశారు. లేత్ మీద ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని చెక్కి చేసే ఈ పెన్నుల్లో చాలావాటికి వేరే ట్యూబు ఉండదు. గొట్టమే ఇంకు బుడ్డి, ఫిల్లరుతో పోసుకోవాలి. నిండుగా ఉన్నప్పుడు బుద్ధిగా రాసే పెన్ను, ఇంకు అడుగంటాక కక్కడం మొదలుపెడుతుంది. గొట్టంలో ఇంకు తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది, చేతి వేడికి అదంతా ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఈ బాధ మరీ ఎక్కువ. ఇంకు మూడో వంతుకు దిగకముందే మళ్లీ నింపుకోవడమే దీనికి మందు. గొట్టం బిగించే మరల దగ్గర తడి కనిపిస్తే అక్కడ కొద్దిగా సిలికాన్ గ్రీజు రాస్తే చాలు. వాజలైన్ మాత్రం వద్దు, పెన్నులో రబ్బరు ముక్కలుంటే పాడుచేస్తుంది. నాలికకూ పాళీకీ మధ్య సందు వచ్చి ఇంకు అందకపోతే, ఎబొనైట్ నాలికను వేడినీళ్లలో కాసేపు ఉంచి వేలితో పాళీకి అదిమితే మెత్తబడి అతుక్కుంటుంది. ప్లాస్టిక్ నాలిక ఇంత తేలిగ్గా మాట వినదు.

ఫిల్లరు, బుడ్డి, మరకల చేతులు లేకుండా చెయ్యాలని వచ్చింది కార్ట్రిడ్జి. 1890లోనే అమెరికాలోని ఈగిల్ పెన్సిల్ కంపెనీ గాజు గొట్టంలో ఇంకు నింపి అమ్మింది. 1930లలో ఫ్రాన్సులో వాటర్‌మన్ పేరుతో పెన్నులు చేసిన జిఫ్ కంపెనీ మళ్లీ గాజు కార్ట్రిడ్జినే తెచ్చింది. గాజు పగులుతుంది, గట్టిగా బిగియదు. 1950లలో మెత్తటి ప్లాస్టిక్ వచ్చాకే కార్ట్రిడ్జి నిలదొక్కుకుంది. 1960లో వచ్చిన పార్కర్ 45, జర్మనీ బడిపిల్లల కోసం పెలికాన్ చేసిన పెలికానో దాన్ని పిల్లల సంచుల్లోకి చేర్చాయి.

చేతులు శుభ్రమయ్యాయి గానీ పెన్నులోకి కొత్త అతుకు ఒకటి వచ్చి చేరింది. పెన్ను లోపలున్న సన్నటి ముక్కు కార్ట్రిడ్జి మూతిలోకి పోయి, దాన్ని మూసిన పొరను చీల్చాలి, లేదా చిన్న గుండును లోపలికి తోసెయ్యాలి. అప్పుడు ముక్కు చుట్టూ మూతి గాలి చొరనంత గట్టిగా పట్టుకోవాలి. ఈ కొలతలు అన్ని కంపెనీలకూ ఒకటై ఉంటే గొడవే లేదు. పార్కర్, షేఫర్, లామీ, పైలట్, ప్లాటినం, సెయిలర్ ఎవరి మూతి వాళ్లు చేసుకున్నారు. ఎక్కువగా యూరప్ కంపెనీలు ‘ఇంటర్నేషనల్’ అనే ఉమ్మడి కొలత పాటిస్తాయి. అందులో పొట్టి రకం దాదాపు 38 మిల్లీమీటర్లు. మన ఊళ్లో దుకాణంలో దొరికినది ఏదో ఒకటి తెచ్చి నెట్టేస్తాం. అది లోపలికి పోతుంది కూడా. మూతి కాస్త వెడల్పయితే ముక్కు చుట్టూ వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి దూరుతుంది, ఇంకు కిందికి దిగుతుంది. కొనేవాడికి ఇది ముందే తెలిసేలా డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయాలని నా గట్టి అభిప్రాయం. పిల్లల యూనిఫాం జేబుల మీద పడిన మరకల్లో ఎన్నో ఈ సందు వల్లే పడ్డాయి.

కారే పెన్ను చేతికొస్తే ముందు అంతా విప్పి, మామూలు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత కార్ట్రిడ్జి పెట్టి నిటారుగా నొక్కాలి, తిప్పుతూ నెడితే మూతి వంకరగా చీలుతుంది. టక్కున దిగినట్టు వేళ్లకు తెలియాలి. పొట్టి కార్ట్రిడ్జి అయితే గుండు లోపల పడిందో లేదో ఊపి వినండి. ఇప్పుడు టిష్యూ కాగితం ముక్క కార్ట్రిడ్జి మెడ చుట్టూ ఒకటి, పాళీ మొదట్లో ఒకటి చుట్టి, పాళీ కిందికి వచ్చేలా పావుగంట ఉంచండి. ఏది తడిస్తే జబ్బు అక్కడ. మెడ దగ్గర తడిస్తే కార్ట్రిడ్జి సరిపోలేదన్నమాట. పాళీ దగ్గర తడిస్తే నాలిక పక్కకు తిరిగిందేమో, పాళీ కింద కాగితం పీచు ఇరుక్కుందేమో చూడాలి. రెండూ పొడిగా ఉండి మూతలోనే ఇంకు ఉంటే, పెన్ను ఎక్కడో కిందపడి ఉంటుంది, లేదా విమానమెక్కి ఉంటుంది. పైకి పోతున్నకొద్దీ బయట ఒత్తిడి తగ్గి కార్ట్రిడ్జిలోని గాలి ఉబ్బుతుంది. నిండు కార్ట్రిడ్జితో, పాళీ పైకి ఉండేలా పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

అయిపోయిన కార్ట్రిడ్జిలో సిరంజితో ఇంకు నింపి వాడుకోవడం మంచి పొదుపే. అయితే తీసి పెట్టిన ప్రతిసారీ దాని మూతి కొంచెం సాగుతుంది. సాగిన మూతి ముక్కును పట్టుకోదు. పెట్టినప్పుడు టక్కుమనే బిగువు వేళ్లకు అందడం మానేస్తే దాన్ని పారేసి, కార్ట్రిడ్జి స్థానంలో పెట్టి బుడ్డి నుంచి ఇంకు పీల్చుకునే కన్వర్టరు, అదీ పెన్ను చేసిన కంపెనీదే, కొనుక్కోవాలి.