అమర్ చిత్ర కథ: బొమ్మలకు ప్రాణం పోసిన రచయితలు, చిత్రకారులు

భారతీయ బొమ్మల కథలలో 'అమర్ చిత్ర కథ'ది విశిష్ట స్థానం. కర్ణాటకలోని కార్కళలో 1929లో జన్మించిన అనంత్ పై సంపాదకత్వంలో 1967లో ఈ మాలిక ఆరంభమైంది. ఇండియా బుక్ హౌస్ దీనిని ప్రచురించింది. తొలి పది సంచికలు పాశ్చాత్య జానపద కథలు. పదకొండవదైన 'కృష్ణ'తో భారతీయ కథలకు శ్రీకారం జరిగింది. దానికి రచన అనంత్ పై, చిత్రాలు రామ్ వాయీర్కర్.

ఈ మాలిక అభిమానులు కథానాయకులతో పాటు కుంచెలను కూడా గుర్తుపడతారు. 'మీరాబాయి' చిత్రకారుడు యూసుఫ్ లియన్. మరో ప్రముఖుడు ప్రతాప్ ముళిక్ తరువాత రాజ్ కామిక్స్ 'నాగరాజ్'కూ బొమ్మలు గీశారు. రచయిత్రి కమలా చంద్రకాంత్ సంపాదకవర్గంలోనూ పనిచేశారు. తెనాలి రామకృష్ణుడు, శ్రీకృష్ణదేవరాయల గాథలు కూడా ఈ మాలికలో వెలువడ్డాయి.

1980లో ఆరంభమైన 'టింకిల్' పత్రికలో అమాయక సుప్పండికి వాయీర్కర్, పిరికి వేటగాడు శికారి శంభుకు వసంత్ హల్బే, కాలియా కాకికి ప్రదీప్ సాఠే రూపమిచ్చారు.

ఈ మాలికపై విమర్శలూ లేకపోలేదు. నాయకులను తెల్లని మేనిఛాయతోను, రాక్షసులను నల్లగాను చిత్రించడాన్ని, స్త్రీ పాత్రల మలపును పరిశోధకులు ప్రశ్నించారు. ఒక తరం పిల్లల మనసులో దేవతల, చారిత్రక పురుషుల రూపాలు ఈ బొమ్మలతోనే స్థిరపడినందువల్ల ఆ ప్రశ్నలకు ప్రాధాన్యం ఉంది. పిల్లలు 'అంకుల్ పై' అని ఆప్యాయంగా పిలుచుకున్న అనంత్ పై 2011 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.